ఐలవ్వ లెక్కలో బడి మస్టర్

శ్రీరాంపూర్ బొగ్గుబాయి మీద మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి ఐలవ్వ పొయ్యి మీద చాయ మరుగుతూ ఉండాలి. పెళ్లై వచ్చినప్పటి నుంచీ అంతే. భర్త బుచ్చిరాములు బాయి దిగినన్నాళ్లూ ఆ సైరనే ఆమెకు గడియారం. ఆయన పోయాక సైరన్ మోగడం మానలేదు కాబట్టి ఆమె లేవడమూ మానలేదు. కాకపోతే ఇప్పుడు లేపవలసింది బాయికి పోయే మనిషిని కాదు, బడికి పోయే మనవరాలు జ్యోతిరాణిని. బుచ్చిరాములు సైరన్ సగం మోగకముందే మంచం దిగేవాడు. జ్యోతిరాణికి అదే సైరన్ జోలపాట.

జ్యోతిరాణి ఐలవ్వ కొడుకు సాగర్ పెద్ద బిడ్డ. సాగర్ పెద్దపల్లిలో బియ్యం మిల్లులో మిషను నడుపుతాడు. భార్య రమ, చంకలో ఇంకో పసిదీ అక్కడే ఉంటారు. తండ్రి దినాలు అయిపోయి చుట్టాలు సర్దుకుంటున్నప్పుడు, ఇంట్లో మనిషి అలికిడి ఉండాలని సాగరే ఈ పిల్లను తల్లి దగ్గర వదిలి, ఇక్కడి సర్కారు బడిలో వేసి పోయాడు. ఐలవ్వ ముందు నుంచీ తక్కువ మాటల మనిషి. బుచ్చిరాములు ఉన్నప్పుడు ఆయన మాట్లాడితే ఈమె ఊకొట్టేది. ఆయన పోయాక ఊకొట్టడానికి కూడా ఏమీ లేకుండా పోయింది. జ్యోతిరాణి వచ్చి ఆ ఇంటికి మళ్లీ నోరు పెట్టింది. ఆ నోరు ఒక్కోసారి పక్కింటి దాకా కూడా పోయేది.

ఐలవ్వ చిన్నప్పుడు బడికి పోయింది తక్కువ, మేకల వెంట పోయింది ఎక్కువ. హాజరు గురించి ఆమెకు తెలిసిందంతా బుచ్చిరాములు అన్నం ముందు కూర్చుని చెప్పినదే. పొద్దున పోయి పేరు చెప్పుకుంటే మస్టర్ పడ్డట్టు. పోకపోతే నాగా. నాగాలు ఎక్కువైతే కంపెనీ సంజాయిషీ అడుగుతూ చార్జిషీట్ ఇస్తుంది. ఒళ్లు బాగా లేకపోతే కంపెనీ దవాఖానాకు పోయి సిక్కులో పడాలి. జబ్బు తగ్గినా సరే, డాక్టరు ఫిట్టు అని రాసిచ్చేదాకా బాయి దిగనివ్వరు. ఆదివారం ప్లేడే. ఆ రోజు పిలిచి పని చేయించుకుంటే ఒక రోజుకు రెండు రోజుల జీతం. ఎవడైనా నాగా పెడితే ఆ పనిలోకి బదిలీవాడు దిగుతాడు. పని మాత్రం ఆగదు.

బడీ సర్కారుదే, బాయీ సర్కారుదే. రూలు వేరే ఎందుకుంటుందని ఐలవ్వ లెక్క.

ఆ లెక్కతోనే ఏడో తరగతి జ్యోతిరాణి చదువు నడిచింది. వానాకాలంలో పిల్లకు ఒక పూట జ్వరం వచ్చింది. మర్నాటికి దిగిపోయి దొడ్లో జామచెట్టు ఎక్కింది కూడా. అయినా ఐలవ్వ బడికి పంపలేదు. సూదులు వేసే కైలాసం డాక్టరు బావమరిది పెళ్లికి ఆదిలాబాద్ పోయి ఉన్నాడు. ఆయన రావాలి, నాడి చూడాలి, ఫిట్టు అనాలి. ఆయన పెళ్లి చేసి, అప్పగింతలు చూసి, తీరుబడిగా వచ్చేదాకా జ్యోతిరాణి జామచెట్టు మీదే సిక్కులో ఉంది.

ఆదివారాల సంగతి ఇంకా బాగుండేది. బడిలో మొక్కలు నాటిస్తామని ఒక ఆదివారం పిలిచారు. ఇంకో ఆదివారం ఖోఖో నేర్పించారు. పంద్రాగస్టు సరేసరి. జ్యోతిరాణి పోయిన ప్రతి సెలవునాటికీ ఐలవ్వ ఒక నాగా మిగుల్చుకుని దాచింది. దాచినదాన్ని ఊరికే ఉంచడం ఆమెకు చేతకాదు. గూడెం సత్యనారాయణస్వామి దగ్గర ఎవరో వ్రతం చేసుకుంటే అక్కడికి, లక్సెట్టిపేటలో ఆడబిడ్డ మనవడికి పుట్టువెంట్రుకలు తీస్తే అక్కడికి, పిల్లను వెంట తీసుకుపోయింది.

బడికీ బాయికీ ఉన్న తేడా జ్యోతిరాణికి తెలియకపోలేదు. కానీ తనకు లాభం వచ్చే లెక్కను సరిచేసే పిల్ల కాదు ఆమె.

అన్నింటికంటే గొప్ప పని బదిలీ. పుట్టువెంట్రుకలనాడు జాగా ఖాళీగా ఉండడం మంచిది కాదని, ఐలవ్వ పక్కింటి శంకరవ్వ మనవరాలు వందనను జ్యోతిరాణికి బదులుగా ఏడో తరగతికి పంపింది. వందన చదివేది అయిదు. బుద్ధిమంతురాలు కాబట్టి కిక్కురుమనకుండా పోయి కూర్చుంది. ఇప్పుడు హాజరు వేసేది పుస్తకంలో కాదు, ఫోన్‌లో. శ్రీహరి సారు ఫోన్ ఎత్తి పట్టుకుని పిల్లల ముఖాలు ఫొటో తీస్తే, ఎవరి ముఖం పక్కన వాళ్ల హాజరు అదే పడుతుంది. రాని పిల్లల ఇంటికి మెసేజ్ కూడా అదే పంపుతుంది. ఆ ఫోన్‌కు బదిలీల సంగతి తెలియదు. వందన ముఖం ముందు ఎంతసేపు పట్టుకున్నా అది జ్యోతిరాణి అని ఒప్పుకోలేదు.

మెసేజ్ పోయేది సాగర్ ఫోన్‌కు.

ఆ సాయంత్రం ఐలవ్వ పుట్టువెంట్రుకల నుంచి వచ్చి, కొంగులో కట్టుకొచ్చిన లడ్డూ విప్పుతుంటే సాగర్ ఫోన్ చేశాడు.

"అవ్వా, జోతి ఇయ్యాల బడికి పోయిందా?"

"పోలే."

"ఎందుకు పోలే?"

"మొన్న ఐతారం మొక్కలు నాటింది గదరా. ప్లేడే. గది గీ నాగాకు చెల్లిపోయింది. బదిలీ మనిషిని సుత తోలిచ్చిన."

సాగర్ వెనక మిల్లు చప్పుడు వినిపించింది.

"బడికి ప్లేడే ఏందే అవ్వా?"

"మీ బాపు చెప్పిండు."

"బాపు బాయి సంగతి చెప్పిండు. గీ మెసేజ్‌లు చూసి మిల్లుల నవ్వుతుండ్రు. మీ బిడ్డకు బడి యాడున్నదో ఎర్కేనా అని అడుగుతుండ్రు. ఇట్ల గాదు గని, బాపు యాడాది మాసికానికి వస్తున్న గద. ఆనాడే టీసీ తీసుకుంట. పొల్ల పెద్దపల్లిల చదువుకుంటది. నువ్వు గూడ మా తోని రా."

"మీరుండేది ఒక్క అర్ర. నన్ను యాడ పండవెడ్తవు, వడ్ల బస్తాల మీదనా?"

"మరి పొల్లనైతే తీసుకపోత."

ఫోన్ పెట్టేశాక ఐలవ్వ లడ్డూ జ్యోతిరాణి చేతిలో పెట్టి, దొడ్లోకి పోయి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. పిల్ల పోతే ఆ ఇంట్లో ఎవరి మాటకు ఊకొట్టాలో ఆమెకు తోచలేదు. మాసికానికి ఇంకా నెల ఉంది.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని, బుచ్చిరాములు యూనియన్ ఆఫీసుకు పోయేటప్పుడు పట్టుకునే సంచీ పట్టుకుని ఐలవ్వ బడికి పోయింది. పెద్దమేడం పేరు తారాబాయి. ఆదిలాబాద్ అవతల జైనథ్ దిక్కు మనిషి. ముసలివాళ్లను ఆజీ అని పిలుస్తుంది, వాళ్ల ఇళ్లల్లో నానమ్మను అట్లాగే అంటారు.

"కూర్చో ఆజీ. మీ జ్యోతి కోసమేనా?"

"ఔ మేడం. నా బిడ్డ మస్టర్లు ఎన్ని పడ్డయో, ఎన్ని మిగిలినయో అడుగుదామని వచ్చిన."

"మిగిలినయా?"

ఐలవ్వ మొక్కల ఆదివారం, ఖోఖో ఆదివారం, పంద్రాగస్టు అన్నీ వేళ్ల మీద చెప్పింది. తారాబాయి వింటూ వింటూ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్క బల్ల మీద కాగితాలు దిద్దుతున్న శ్రీహరి సారు లేచి బయటికి పోయాడు. కిటికీ అవతల ఆయన భుజాలు కదలడం ఐలవ్వకు కనబడింది.

"ఆజీ, బడిల ఒకనాటికి ఒక్కటే హాజరు. ఐతారం వస్తే అది పిల్లల సంతోషం. దాన్ని దాచుకునుడు ఉండది."

"మరి సిక్కు?"

"జ్వరం వస్తే ఆ పొద్దుగాల్నే మాకు ఫోన్ చెయ్యి, ఇట్ల జ్వరం, రాదు అని. ఎక్కువ రోజులైతే డాక్టర్ చిట్టీ తే. తగ్గిన మర్నాడు తోలు. ఫిట్టు అనేటందుకు నీ కండ్లు చాలవా?"

"చాల్తయి. చెట్టెక్కింది."

"ఎవలన్న పోయినా, దినాలున్నా, ఇంట్ల పెండ్లున్నా ముందుగాల వచ్చి అడుగు. మేము సెలవు రాసుకుంటం. అడగకుంట పోయి, తిరిగొచ్చినంక చెప్తే అది సెలవు గాదు."

"అంటే నాగా."

"నాగానే."

ఐలవ్వ తల ఊపింది. "చార్జిషీట్ ఎప్పుడిస్తరు మేడం?"

"పిల్లలకు చార్జిషీట్ ఇయ్యం ఆజీ."

"మరి ఎట్ల భయపడ్తరు?"

తారాబాయి నీళ్లు తాగింది. తాగి గ్లాసు పక్కన పెట్టి అడిగింది. "మీ ఆయన ఒకనాడు పోకపోతే ఆనాటి బొగ్గు ఏమయ్యేది?"

"బదిలీవాడు తీసేటోడు."

"ఆనాటి పాఠం ఇంకో పిల్ల నేర్చుకుంటే జ్యోతికి వస్తదా మరి?"

ఐలవ్వ ఆలోచించింది. "రాదు. వందనకైతే వచ్చింది. భిన్నాలు చెప్తుంది మేడం, ఇంట్ల అన్నం గూడ సగం, పావు అని అడుగుతుందట."

ఆ మాటతో తారాబాయి ఇక చెంగు అడ్డం పెట్టుకోలేదు. బాగా నవ్వి, కళ్లు తుడుచుకుని, ఐలవ్వకు చాయ చెప్పింది. చాయ తాగుతూ ఐలవ్వ అసలు సంగతి బయటపెట్టింది. కొడుకు టీసీ తీసుకుంటానంటున్నాడని, పిల్ల పోతే ఇల్లు ఇల్లులా ఉండదని. రెండే మాటలు చెప్పి మళ్లీ చాయలోకి చూసింది.

"టీసీ అడిగితే ఇయ్యకుంట ఆపేటందుకు నాకు హక్కు లేదు ఆజీ. పిల్ల రోజూ వస్తే మీ కొడుకే అడగడేమో. నేను గింతే చెప్పగల్గుత."

ఆ నెలంతా జ్యోతిరాణికి గడ్డుకాలం. బాపమ్మ ఒక్కసారిగా మారిపోయింది. సైరన్ మోగగానే దుప్పటి లాగేస్తుంది. వాన వస్తే గొడుగు, గొడుగు తిరగబడితే ప్లాస్టిక్ సంచీ. ఒకరోజు పిల్ల కడుపు పట్టుకుని మూలిగితే, ఐలవ్వ ఫోన్ తెచ్చి చేతికిచ్చింది.

"మేడంకు నువ్వే చెప్పు, కడుపు నొస్తుందని. గట్టిగ చెప్పు, ఇనవడాలె."

ఫోన్ మోగుతుండగానే కడుపునొప్పి తగ్గింది.

"బాపమ్మా, నేను మొన్న ఐతారం గూడ పోయిన గదనే," అని ఆఖరి ప్రయత్నం చేసింది జ్యోతిరాణి.

"అది నీ సంతోషం," అంది ఐలవ్వ జడ గట్టిగా బిగిస్తూ.

పిలుపులకు పోవడం కూడా మానేసింది. ఎవరైనా వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే, ఆదివారమైతేనే వస్తానని ముఖం మీదే చెప్పింది. ఐలవ్వకు ముసలితనంలో కొలువు దొరికిందా అని వాడలో వెక్కిరించారు. ఆమె పట్టించుకోలేదు.

అంతా బాగుందనుకుంటే బుచ్చిరాములు యాడాది మాసికమే అడ్డం తిరిగింది. రూలు ప్రకారం ముందుగానే అడగాలని ఐలవ్వ బడికి పోతే, శ్రీహరి సారు గోడ మీది కాగితం చూసి తల గోక్కున్నాడు. సరిగ్గా ఆ రోజే పరీక్షలు. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం సైన్సు.

"సెలవైతే ఇస్త ఆజీ, ముందుగాల అడిగినవు గద," అంది తారాబాయి. "గని పరీక్ష మళ్ల పెట్టరు. రాయకపోతే పోయినట్టే. నడుమ అన్నం గంటల ఇంటికి తోలుదమంటే, పరీక్షలనాడు పిల్లలు గేటు దాటొద్దని నేనే రూలు పెట్టిన."

మాసికం తిథిని జరపడం ఎవరి తరమూ కాదు. పోయినవాళ్ల పేరున కాకిపిట్టకు పెట్టే ముద్ద పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పెట్టాలి. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు. బుచ్చిరాములుకు ప్రతి మాసికానికీ ముద్ద పెట్టినవి జ్యోతిరాణి చేతులే. ఆయన బతికి ఉండగా ఆ పిల్ల పెద్దపల్లి నుంచి వస్తే చాలు, పక్కన కూర్చోబెట్టుకోనిదే తినేవాడు కాదు. వేరే చేతులతో పెట్టడానికి ఐలవ్వకు మనసు రాలేదు. పరీక్ష మాన్పించి సాగర్ చేతికి టీసీ అందించడానికీ మనసు రాలేదు.

ఐలవ్వ తిరిగి వస్తూ బడి వెనకవైపు చూసింది. వంటపాక వెనక ప్రహరీ గోడ నడుము ఎత్తే ఉంది. అక్కడే నిలబడి ఒకసారి గోడకు ఈ పక్క చూసింది, ఒకసారి ఆ పక్క చూసింది. మళ్లీ లోపలికి పోయింది.

"మేడం, పిల్ల గేటు దాటది. మేము గేటు లోపలికి రాము. విస్తరి గోడ మీద పెడ్తం."

తారాబాయి చాలాసేపు ఆమె ముఖం చూసింది. "ఏమేం పెడ్తరు విస్తరిల?"

"ఆయన తినేటియి. మటను, గారెలు, జర కల్లు."

"కల్లు బడి గోడ మీద పెట్టనియ్య."

"గోడ అవతల పట్టుకొని నిలవడ్తరు మేడం. పిట్టకు కనవడ్తే చాలు."

మాసికంనాడు సాగర్, రమ, పసిది తెల్లారేసరికే దిగారు. బుచ్చిరాములు తమ్ముడు ముత్యం కల్లు డబ్బాతో వచ్చాడు. సంగతి విని ముత్యం మొదట నమ్మలేదు.

"బడి గోడకు పెట్టుడేంది వదినె? అన్నకు తొవ్వ దొరుకుతదా?"

"మీ అన్న బాయిల చీకట్ల తొవ్వ దేవులాడుకున్నోడు. పట్టపగలు బడి దొరకదా," అంది ఐలవ్వ.

సాగర్ అంగీ జేబులో టీసీ దరఖాస్తు మడిచి ఉంది. పరీక్ష ఒకటి పోతే పోయిందిలే, తాత యాడాది మాసికం మళ్లీ రాదు, ఎట్లాగూ బడి మారుతుంది కదా అని పొద్దున ఒకసారి నసిగాడు. ఐలవ్వ వినబడనట్టు గారెలు తీసింది.

అన్నం గంట కొట్టేసరికి గోడ అవతల అందరూ వరసగా నిలబడ్డారు. ఇవతల జ్యోతిరాణి సిరా చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె వెనక పళ్లాలు పట్టుకున్న పిల్లలంతా. వాళ్లను అదిలించడానికి వచ్చిన శ్రీహరి సారు తానూ నిలబడిపోయాడు. ఐలవ్వ విస్తరి పరిచి గోడ మీదుగా ముద్దలు అందించింది. జ్యోతిరాణి ఒక్కొక్కటే పెట్టి, దండం పెట్టింది.

"తాతా, జల్ది తిను. నాకు సైన్సు పరీక్షున్నది."

ఇంట్లో అయితే పిట్ట కోసం కళ్లు కాయలు కాసేవి. ఎవరి మీద కోపమో, ఏం తక్కువైందో అని చుట్టాలు తలా ఒక మాట అనుకునేవారు. ఇక్కడ వంటపాక మీద కాకులు ఎప్పటి నుంచో బారులు తీరి ఉన్నాయి. అన్నం గంట పిల్లలకంటే వాటికే బాగా తెలుసు. జ్యోతిరాణి చెయ్యి ఇంకా వెనక్కి తీయకముందే ఒకటి దిగి మటన్ ముక్క ఎత్తుకుపోయింది.

"గిది బడి కాకి వదినె," అన్నాడు ముత్యం అనుమానంగా, కల్లు డబ్బా పైకెత్తి పట్టుకునే. "రోజు గీడనే తింటది. అన్న గాదు."

"మీ అన్న ఆగి తినుడు నువ్వెప్పుడన్న చూసినవా?"

ముత్యం చూడలేదు. డబ్బా దించేసి అన్నకు దండం పెట్టుకున్నాడు. రమ పసిదాని చేతులు కూడా కలిపి పెట్టించింది. ఐలవ్వ కొంగు తల మీదికి లాక్కుని, ఆ కాకి పోయిన దిక్కే చూస్తూ నిలబడింది.

గంట మళ్లీ కొట్టారు. పిల్లలు పరుగెత్తారు. జ్యోతిరాణి తన పళ్లెంలో అన్నం గబగబా మింగి, గోడ మీద మిగిలిన ఒక గారె నోట్లో కుక్కుకుని, పరీక్ష గదిలోకి పోయింది. తారాబాయి గోడ దగ్గరికి వచ్చి సాగర్‌ను చూసింది.

"మీరేనా జ్యోతి బాపు? టీసీ అన్నరట. దరఖాస్తు తెచ్చిండ్రా?"

ఐలవ్వ చేతిలో గంటె గిన్నెకు తగిలి టంగుమంది. సాగర్ జేబు తడుముకున్నాడు. కాగితం తీయలేదు. కిటికీలోంచి జ్యోతిరాణి కనబడుతోంది. నోట్లో గారె ఇంకా అయిపోలేదు, అప్పుడే రాయడం మొదలుపెట్టింది.

"గీ నెల ఒక్క మెసేజ్ రాలే మేడం. నా ఫోన్ ఖరాబైందో ఏందో అనుకున్న."

"ఫోన్ మంచిగనే ఉన్నది. పిల్ల ఒక్కనాడు తప్పలే."

సాగర్ తల్లి వైపు చూశాడు. ఆమె గిన్నె అడుగు గీకుతూ ఉంది. అందులో గీకడానికి ఏమీ లేదు.

"పరీక్షల నడుమ ఎందుకు మేడం, ఇప్పుడు," అన్నాడు.

"పరీక్షలైనంక వస్తరా మరి?"

"అయినంక మళ్ల బడే గద మేడం. ఈడనే చదవనీయుండ్రి."

తారాబాయి సరేనని పోయింది. ఐలవ్వ గిన్నె మీద మూత పెట్టింది. ఇంటికి పోయాక అందరికీ విస్తర్లు వేసి వడ్డిస్తూ, సాగర్ దగ్గరికి వచ్చేసరికి గంటె ఆపింది.

"నువ్వు మిల్లుల చెప్పి వచ్చినవా?"

"చెప్పుడేందే? బాపు మాసికమని సేఠ్‌కు ఎర్కే."

"ఎర్క ఉంటే గాదు. ముందుగాల నోరిడిసి అడగాలె. పోయినంక చెప్తే అది సెలవు గాదట. చెయ్యి ఫోన్."

"తిని చేస్త అవ్వా. ఆకలైతుంది."

ముత్యం అప్పటికే రెండు ముద్దలు మింగి, నవ్వు ఆపుకోలేక పొలమారాడు. రమ తల వంచుకుని పసిదానికి పప్పు కలుపుతూ ఉండిపోయింది. సాగర్ ఎడమచేత్తో ఫోన్ తీసి, విస్తరి ముందు నుంచి లేచి గడప దగ్గర నిలబడ్డాడు.

"సేఠ్, నేను సాగర్‌ను. ఇయ్యాల రాలేదు గద, గదే చెప్దమని..."

అతను మాట్లాడి వచ్చి కూర్చునేదాకా ఐలవ్వ గంటెలో ఉన్న మటన్ ముక్కలు విస్తరిలో వేయలేదు.